ఇంటిపేరు, ఇనీషియల్, మునెమ్మ

విజయవాడలో పేరు చెప్పగానే “ఇంటిపేరు?” అంటారు. చిత్తూరు జిల్లా సరిహద్దున ఉన్న రామకుప్పంలో “ఇనీషియల్ ఏంది?” అంటారు. రెండూ పేరు ముందుండే అక్షరం గురించే. కానీ మొదటాయనకు కావలసింది వంశం, రెండో ఆయనకు కావలసింది నాయన పేరు. ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కోలారు, నడుమ తెలుగు మాట్లాడే ఈ మండలాల్లో పేరు రాసుకునే తీరు చాలామటుకు తమిళులకు దగ్గర. అలాగని ఇంటిపేర్లు లేకపోలేదు. పెళ్లిమాటలప్పుడు బయటికి తీస్తారు, తాంబూలాలయ్యాక లోపల పెట్టేస్తారు.

ఇంటిపేరుకు ఊరే పెద్ద ఆధారమని మనం చిన్నప్పటినుంచీ వింటున్నదే. నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి వచ్చిన కుటుంబం గనక సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన 1888లో పుట్టింది తిరుత్తణిలో, తండ్రి వీరాస్వామి. చుట్టుపక్కల తమిళుల లెక్కన వి.రాధాకృష్ణన్ కావలసినవాడు ఎస్.రాధాకృష్ణన్ అయ్యారు, కొడుకు ఎస్.గోపాల్ అయ్యారు. పెద్దలు ఎప్పుడో విడిచి వచ్చిన ఊరు, మారకుండా మనవల దాకా నడిచింది. చిత్తూరు పక్కనున్న కట్టమంచి పేరు ఇంకో దారి పట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి వైస్‌ఛాన్సలరైన కట్టమంచి రామలింగారెడ్డిని లోకం సి.ఆర్.రెడ్డి అనే పిలిచింది. ఊరిపేరును ఇంగ్లీషులో ‘సి’తో రాసినందుకు ‘క’ పోయి ‘సి’ మిగిలింది. చిత్తూరాయన గనక సి అంటే చిత్తూరేమో అని ఎవరైనా అనుకుంటే తప్పుపట్టలేం.

అయితే ఊరే ఇంటికి పేరిచ్చిందన్న సూత్రం పాత చిత్తూరు జిల్లాలో అడుగడుగునా తిరగబడుతుంది. కుప్పం నుంచి 1989 మొదలు శాసనసభకు గెలుస్తూ వస్తున్న నారా చంద్రబాబు నాయుడి సొంతూరు నారావారిపల్లె. నారావారు కట్టుకున్న పల్లె, అంతే. ఇక్కడ ఇల్లే ఊరికి పేరు పెట్టింది. రాయలసీమలో ‘వారిపల్లె’ అని ముగిసే ఊళ్లు లెక్కపెట్టలేనన్ని. కాబట్టి ఇంటిపేరు కనబడగానే మ్యాపులో ఊరు వెతికే అలవాటు కోస్తాకు సరిపోయినంతగా సీమకు సరిపోదు. పేరు చివరి తోకలదీ అదే తంతు. చిత్తూరు జిల్లాలో ‘నాయుడు’ అంటే ఒక కులం గుర్తొస్తే శ్రీకాకుళంలో ఇంకో కులం గుర్తొస్తుంది. జిల్లా తెలియకుండా తోకకు అర్థం చెప్పడం కుదరదు.

తమిళ దేశం ఆ తోకనే కోసేసింది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులం పేర్లు వదిలెయ్యాలని తీర్మానించింది. తర్వాత అక్కడి వ్యవహారంలో మిగిలింది నాయన పేరు, దాని పొడి అక్షరం. పూర్వం ఊరు కూడా ఉండేది: ఆర్.కె.నారాయణ్‌లో ఆర్ అంటే రాసిపురం, కె అంటే తండ్రి కృష్ణస్వామి. ఇప్పుడు ఊరు జారిపోయి తండ్రి ఒక్కడే నిలిచాడు. దీని ఫలితం అమెరికాలో చూడాలి. సత్య నాదెళ్ల, సుందర్ పిచ్చై ఇద్దరి పేర్లలోనూ చివర ఉన్నది అక్కడివాళ్లకు ఇంటిపేరే. కానీ నాదెళ్ల తరతరాల ఇంటిపేరు. తండ్రి యుగంధర్ గారి బి.ఎన్.లో ఎన్ అదే, బి అనంతపురం జిల్లా బుక్కాపురం. పిచ్చై మాత్రం తండ్రి రఘునాథ పిచ్చై పేరులోని ముక్క. పాస్‌పోర్టు గడుల్లో ఇంటిపేరూ తండ్రిపేరూ ఒకే గడిలో పడి ఒకే రకం అయిపోయాయి.

రెండింటిలో ఏది మేలంటే నా తీర్పు ఇంటిపేరుకు పూర్తిగా అనుకూలం కాదు. ఇంటిపేరు ఊరిని గుర్తుపెట్టుకుని మనుషుల్ని మరిచిపోతుంది, ముఖ్యంగా ఆడవాళ్లని. పెళ్లితో ఆమె పుట్టింటి పేరు కాగితాల మీదనుంచి తుడిచిపెట్టుకుపోతుంది. ఇనీషియల్ పద్ధతిలోనూ ఆమెకు ఒరిగింది తక్కువే: పెళ్లిదాకా తండ్రి అక్షరం, ఆపైన చాలాచోట్ల మొగుడి అక్షరం. ఇంటిపేరు కనీసం ఒక పని చేస్తుంది. ఒకే ఇంటిపేరువాళ్లు దాయాదులు, వాళ్లలో వాళ్లకు పిల్లనిచ్చి పుచ్చుకోరు అని ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఇనీషియల్‌తో అది తేలదు, అందుకే పెళ్లిమాటలప్పుడు దాన్ని పక్కనపెట్టి గోత్రాలూ కులదైవాలూ తవ్వుతారు.

ఈ సరిహద్దు చరిత్ర కావాలంటే ముందున్న అక్షరాన్ని వదిలేసి అసలు పేరు దగ్గరికి రావాలి. ఇక్కడ మునిస్వామి, మునిరత్నం, మునెమ్మ, మునిలక్ష్మి ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఈ ముని, పురాణాల్లో తపస్సు చేసుకునే ముని కాదు. ఊరి పొలిమేర కాసే మునీశ్వరుడు. కోలారు వెళితే ఆయనే మునియప్ప (అక్కడినుంచి ఏడుసార్లు లోక్‌సభకు వెళ్లిన కె.హెచ్.మునియప్ప పేరు తెలిసిందే), వేలూరు వైపు వెళితే మునుసామి. దేవుడు ఒకడే, తోక మారితే రాష్ట్రం మారినట్టు. కృష్ణాతీరంలో రామయ్య, నాగయ్య అయినవాళ్లు ఇక్కడ రామప్ప, నాగప్ప అయ్యారు. ఆ ‘అప్ప’ కన్నడంతో పంచుకున్నది. చెంగల్రాయుడు ఇంకా ముచ్చటైన పేరు. తిరుత్తణి మురుగన్‌కు చెంగల్వరాయన్ అని పేరు, చెంగలువ పూల స్వామి. తమిళ మురుగన్ తెలుగులో రాయుడై కూర్చున్నాడు. పుంగనూరు వైపు బోయకొండ గంగమ్మ, కుప్పంలో తిరుపతి గంగమ్మ ఉండగా గంగులప్పలకూ గంగులమ్మలకూ కొదవేముంది? మదనపల్లె దాటితే కదిరి నరసింహుడు కదిరప్పల్ని ఇచ్చాడు.

బిడ్డలు నిలవని ఇళ్లలో పెట్టిన పేర్లయితే భాషల గీతనే దాటేశాయి. పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద ఉంచి తెలుగువాళ్లు పెంటయ్య అన్నారు, తమిళులు కుప్పుసామి అన్నారు. తవుడుకు అమ్మినట్టు నటించి తవిటయ్య అన్నారు. బిచ్చంగా దొరికినవాడని మనం పిచ్చయ్య, బిక్షం అంటే వాళ్లు పిచ్చై అన్నారు. చావు కన్ను పడకుండా తల్లిదండ్రులు ఆడిన నాటకం ఇది. పిల్లలు బతికి బట్టకట్టడం మొదలయ్యాక ఆ పేర్ల అవసరం పోయింది. అవి పోయినందుకు ఏడవక్కర్లేదు.

ముని పేర్లు పోవడం వేరే సంగతి. ఇప్పటి యశ్వంత్‌లూ హర్షితలూ రామకుప్పంలో పుట్టారో రాజమండ్రిలో పుట్టారో పేరు చెప్పదు. మునిరత్నం కొడుకు ప్రస్తుతానికి ఎం.యశ్వంత్, ఆ ‘ఎం’లో మునీశ్వరుడు ఇంకో తరం దాక్కున్నాడు. యశ్వంత్‌కు బిడ్డ పుడితే ముందు ‘వై’ చేరుతుంది. ఇంటిపేరు పద్ధతి ఉన్నా ఈ మునిని కాపాడేది కాదు, అది దాచేది ఊరినో వంశాన్నో గదా.