హిస్నుల్ అక్రాద్ కోట - చరిత్రకారుల ఎంపిక

సిరియాలో హిమ్స్ నగరానికి పడమట, సముద్రతీరానికి పోయే కనుమపై నిఘా వేసే కొండమీద ఒక కోట ఉంది. లోకం దానిని 'క్రాక్ దె షెవాలియె' అంటుంది. ఈ పేరు 19వ శతాబ్దంలో వ్యాప్తిలోకి వచ్చింది. అరబ్బీలో అది హిస్నుల్ అక్రాద్, అంటే కుర్దుల కోట. క్రీ.శ. 1031 ప్రాంతంలో మిర్దాసీ అమీరు అక్కడ కుర్దు సైనికులను నిలిపాడు. ఆ తర్వాత వచ్చిన క్రూసేడర్లు పలికిన 'క్రాత్' అనే మాట 'అక్రాద్' నుండే పుట్టిందని పండితుల అభిప్రాయం.

ఈ కోటపై ఫ్రెంచి పండితుడు పాల్ దెషాం 1934లో ప్రకటించిన గ్రంథం నేటికీ ఆధారగ్రంథమే. గోడగోడనూ కొలిచి, ఏ భాగం ఏ కాలానిదో నిర్ణయించడంలో ఆయన చూపిన శ్రద్ధ ప్రశంసనీయం. అయితే ఆ గ్రంథం వెలువడిన వరుసకే 'పవిత్రభూమిలో క్రూసేడర్ల కోటలు' అని పేరు. కోట ఎవరిదో పరిశోధనకు ముందే తేల్చివేసినట్లయింది.

వాస్తవాలు ఇంత సరళంగా లేవు. 1110లో టాంక్రెడ్ కోటను పట్టుకున్నాడు. 1142లో ట్రిపోలీ ప్రభువు రెండవ రేమండ్ దానిని హాస్పిటలర్ సైనిక సన్యాసులకు అప్పగించాడు. 1170 భూకంపం తర్వాత వారు విస్తారంగా పునర్నిర్మించారు. 13వ శతాబ్దంలో వెలుపలి ప్రాకారం చేర్చారు. సభాశాల ముందు సున్నితమైన శిల్పపు వసారా కూడా వారిదే. 1188లో సుల్తాన్ సలాహుద్దీన్ వచ్చి, కోట బలం చూసి ముట్టడించకుండానే వెళ్ళిపోయాడు.

1271లో (హిజ్రీ 669) సుల్తాన్ బైబర్స్ దానిని జయించాడు. తీరప్రాంతపు రేవుకోటలను మమ్లూకులు క్రమంగా పడగొట్టారు. అక్కడ క్రూసేడర్లు మళ్ళీ ఓడలతో దిగే ప్రమాదముంది. లోతట్టున ఉన్న ఈ కోటను మాత్రం నిలబెట్టారు. దక్షిణాన కొండ కోటతో కలిసి ఉన్నందున అటువైపే బలహీనం. ముట్టడిలో దెబ్బతిన్నదీ అటే. బైబర్స్ అక్కడ మరమ్మతులు చేయించి శిలాశాసనం పెట్టించాడు. 1285లో సుల్తాన్ ఖలావూన్ చతురస్రపు బురుజు కట్టించాడు. చర్చిని కూల్చలేదు, మస్జిద్‌గా మార్చారు. చర్చి తూర్పుముఖంగా ఉంది, ఖిబ్లా దక్షిణాన. అందుచేత మిహ్రాబ్ పక్కగోడలో వచ్చింది. కప్పు అదే, గోడలు అవే. నమాజు వరుసలు మాత్రం అడ్డంగా తిరిగాయి.

కాలక్రమాన యుద్ధావసరం తీరిపోయింది. రైతులు కోటలోపలే ఇళ్ళు కట్టుకున్నారు. వారి వల్ల కట్టడానికి నష్టం జరిగిన మాట నిజమే. 1933లో ఫ్రెంచి అధికారులు సుమారు 500 మంది నివాసులను వెలుపలికి తరలించి, ఇళ్ళను తొలగించి, కోటను 'శుభ్రం' చేశారు. నేడు యాత్రికుడు చూసే నిశ్శబ్దమైన రూపం మధ్యయుగం అందించినది కాదు. 20వ శతాబ్దపు ఎంపిక. కోటలో కాపురమున్న తరాల జీవితం చరిత్ర కాదా? చెత్తతోపాటు అది కూడా ఎందుకు పోవలసి వచ్చింది?

ఈ దోషం పాశ్చాత్యులకే పరిమితం కాదు. ముస్లిం రచయితలలో అనేకులు బైబర్స్ విజయంతో కథ ముగిస్తారు. ఆ తర్వాతి రైతులు వారికీ అక్కరలేదు. హాస్పిటలర్ల శిల్పనైపుణ్యాన్ని ఒప్పుకోవడానికీ వారు సంకోచిస్తారు. చర్చిని కాపాడి అందులో నమాజు చేసిన మమ్లూకులకు అటువంటి సంకోచం ఉన్నట్లు కట్టడంలో ఎక్కడా కనబడదు. ఒకరు ముందు భాగాన్ని, మరొకరు వెనుక భాగాన్ని చించివేస్తే గ్రంథం మిగలదు.

2006లో యునెస్కో ఈ కోటను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సిరియా అంతర్యుద్ధంలో ఫిరంగి, వైమానిక దాడులకు గురై, 2013లో ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాకు కూడా ఎక్కింది. పడిన రాయిని తిరిగి ఎత్తేవారి ముందు పాత ప్రశ్నే నిలుస్తుంది: ఏ కాలపు కోటను నిలబెట్టాలి? హాస్పిటలర్ల వసారా, ఖలావూన్ బురుజు, మస్జిద్‌లోని మిహ్రాబ్ - మూడింటికీ సమానశ్రద్ధ దక్కాలి. గ్రామస్థులు కోటలోపల నివసించిన సంగతి కూడా ద్వారం వద్ద ఒక పలకపై రాసి ఉంచాలి. తొలగించిన ఇళ్ళకు చరిత్రకారులు బాకీపడిన కనీసపు న్యాయం అది.