ముందు మాట, తర్వాత చెయ్యి

చూపులేని గర్భిణి పరీక్షకు వస్తే మన దవాఖానల్లో ప్రశ్నలన్నీ పక్కనున్న అత్తకో ఆడబిడ్డకో వెళ్తాయి. "ఎన్నో నెల? గోలీలు వేసుకుంటుందా?" కడుపు ఒకరిది, జవాబు మరొకరిది.

వెల్గటూర్ చుట్టుపక్కల ఊళ్లలో నర్సుగా తిరిగే నాకు ఒకామె మెత్తగానే చెప్పింది: "మేడం, జర చెప్పి ముట్టుకోండ్రి. ఉలిక్కిపడుతున్న." అప్పటి నుంచి ముందు నా పేరు చెప్తా. "ఎడమ జబ్బకు బీపీ పట్టీ కడుతున్న, బిగుస్తది" అన్నాకే చెయ్యి వేస్తా. నడిపించేటప్పుడు ఆమె రెక్క పట్టి లాగను. నా మోచేయి అందిస్తే ఆమే పట్టుకొని, అర అడుగు వెనక నిబ్బరంగా నడుస్తుంది.

"ఎర్ర గోలీ రాత్రికి" అంటే ఆమెకేం తెలుస్తుంది? ఐరన్, కాల్షియం కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అందుకే ఐరన్ గోలీల అట్టకు రబ్బరు బ్యాండు చుట్టి, రెండు అట్టలూ ఆమె చేతికిచ్చి తడిమి చూడమంటా. కార్డులో రాసిందంతా ఆమె ఫోన్‌లోనే చదివి రికార్డు చేస్తా.

అసలు చిక్కు ప్రమాద సూచనలతో. బీపీ పెరిగిన గర్భిణిని "కళ్లు మసకబారుతున్నాయా?" అని అడగడం మాకు అలవాటు. పూర్తిగా చూపులేని మనిషికి ఆ హెచ్చరికే అందదు. విడవని తలనొప్పి, పొట్ట పైభాగంలో నొప్పి, ఉన్నట్టుండి చేతులకు, ముఖానికి వాపు... వీటిని ఒక్కొక్కటిగా అడగాలి. బీపీ 140/90కి చేరిందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా అని మరింత జాగ్రత్తగా చూడాలి. కొంత చూపున్నవాళ్లనైతే, ఉన్న చూపు తగ్గిందా అని అడగాలి. షుగర్ ఉంటే కంటి డాక్టరుకు తప్పక చూపించాలి. తడి తగిలితే అది ఉమ్మనీరో రక్తమో తేల్చుకోవడానికి ఎవరో వచ్చేదాకా ఆగొద్దని, వెంటనే 108కి ఫోన్ చేయమని ముందే చెప్పిపెట్టాలి.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు, కాస్త ఎక్కువ సమయం పడుతుందంతే. ఓపీ రద్దీలో ఆ సమయమే దొరకదంటారు. కానీ ఇలాంటివారిని చూడటంలో, వైద్యం చేయడంలో ప్రాధాన్యం ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ చెబుతోంది.

ఇంటివాళ్లకు ఒక మాట. నొప్పులు మొదలయ్యేదాకా ఆగకండి. ఎనిమిదో నెలలోనే ఆమెను కాన్పు జరిగే దవాఖానకు తీసుకెళ్లి మంచం, బాత్రూం, పిలుపు గంట తడిమి చూసుకోనివ్వమని సిబ్బందిని అడగండి. మొహమాటపడకండి, మీరు అడిగేది ఉపకారం కాదు.