చిన్న కార్బురేటరే మేలు

పాత పెట్రోలు జీపు కొని మేడ్చల్ పక్క ఊళ్లో షెడ్డు వేసి పెట్టుకున్నవాళ్లకు మొదటి వానాకాలం దాటకముందే ఒక సలహా అందుతుంది: “కార్బురేటర్ మార్చెయ్ అన్నా, బండి ఉరుకుతది.” స్లో స్పీడు నిలవకపోయినా, ఎత్తెక్కేటప్పుడు మిస్సింగ్ వచ్చినా, పొద్దున సెల్ఫ్ అందుకోకపోయినా మందు అదే. చెప్పినవాళ్లది మంచి మనసే. అయినా తొందరపాటు సలహా.

ఈ వైపు జీపులు కొత్త కాదు. షామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి మీద సికింద్రాబాద్ వైపు వస్తే హకీంపేట వైమానిక స్థావరం, ఆ తర్వాత అల్వాల్, తిరుమలగిరి. సైనిక వాహనాల ఇంజినీర్లు చదువుకునే ఎంసీఈఎంఈ అక్కడే ఉంది. ప్రభుత్వ ఆఫీసుల ముందు, ఎన్నికల ప్రచారాల్లో తెలుగువాళ్లు చూసిన ఎత్తు బానెట్ జీపుకు మూలం 1953లో అమెరికాలో వచ్చిన విల్లీస్ సీజే-3బి. మహీంద్రా దాన్ని ఇక్కడ దశాబ్దాల పాటు తయారు చేసింది. అందులోని 2.2 లీటర్ల హరికేన్ ఇంజిన్‌లో ఇన్లెట్ వాల్వులు పైన హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. ఇంజిన్ ఎత్తు పెరిగింది కాబట్టే బానెట్‌ను పైకి లేపారు. కార్బురేటర్ ఆ హెడ్ మీదే కూర్చుంటుంది. అమెరికాలో కార్టర్ వైఎఫ్ వేశారు, మన దగ్గర సోలెక్స్ ఎక్కువ. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది తర్వాత డీజిల్ ఇంజిన్లు బిగించుకున్నారు. అందుకే హరికేన్‌తోనే మిగిలిన బండి దొరికితే దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి.

కొత్త కార్బురేటర్ కొనేముందు పాతదాన్ని బల్ల మీద పెట్టి విప్పాలి. జెట్‌లో చెత్త ఇరుక్కున్నా, నీడిల్ అరిగి పెట్రోలు ఓవర్‌ఫ్లో అవుతున్నా, ప్యాకింగ్ ఎండిపోయినా రిపేర్ కిట్ చాలు. నిజంగా ఆయుష్షు తీసేది థ్రాటిల్ షాఫ్ట్ అరుగుదల. షాఫ్ట్ ఊగితే ఆ సందులోంచి ఇంజిన్ దొంగ గాలి లాగుతుంది, స్క్రూ ఎంత తిప్పినా స్లో స్పీడు కుదరదు. ఇంజిన్ ఆడుతుండగా షాఫ్ట్ పక్కన ఒక చుక్క నూనె వేస్తే చాలు, చప్పుడు మారితే అక్కడ లీకు ఉన్నట్టే. దానికీ మంచి లేత్ పనివాడు ఇత్తడి బుష్ వేయగలడు. బాడీ పగిలినా, అంచు వంకరపోయి మళ్లీ చదును చేయలేని స్థితికి వచ్చినా అప్పుడు కొత్తదాని కోసం రాణిగంజ్‌కో పుత్లీబౌలికో బయల్దేరాలి.

అక్కడ దుకాణంలో పెద్దది చూపిస్తే చాలామంది మనసు జారుతుంది. లెక్క వేసుకుంటే ఆ ఆశ నిలవదు. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకోసారి తన కొలత మేర గాలి పీలుస్తుంది. హరికేన్ గరిష్ఠ శక్తిని 4000 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది. అంటే అక్కడ కూడా నిమిషానికి 4400 లీటర్లకు మించదు, నిజానికి ఇంకా తక్కువే. గట్టు దాటేటప్పుడు, చెలకలో రాళ్ల మీద పాకేటప్పుడు ఇంజిన్ తిరిగేది ఆ 4000 ఆర్‌పీఎంలో మూడో వంతు వేగంతోనే. వెంచురీ, అంటే కార్బురేటర్‌లో గాలి దూసుకెళ్లే ఇరుకు గొంతు, వెడల్పయితే అక్కడ గాలి వేగం పడిపోతుంది, జెట్‌లోంచి పెట్రోలును లాగే బలం తగ్గుతుంది. సరిగ్గా పికప్ కావాల్సిన చోటే ఇంజిన్ గుటకలు మింగుతుంది. జీపు రేసుకు పోయేది కాదు కాబట్టి చిన్న వెంచురీ ఉన్న సింగిల్ బ్యారెల్‌ను ఎంచుకోవడమే మేలు.

విదేశాల్లో మన జిప్సీకి అన్న వరసైన సుజుకి సమురాయ్ యజమానులు వెబర్ 32/36ను ఇష్టపడతారు. అందులో మొదట 32 మిల్లీమీటర్ల బ్యారెల్ తెరుచుకుంటుంది, యాక్సిలరేటర్ బాగా తొక్కితేనే 36ది తోడవుతుంది. తెలివైన ఏర్పాటే. 1985లో వచ్చిన 970 సీసీ జిప్సీకైనా, 1996 నాటి 1.3 లీటర్ల కింగ్‌కైనా అది ఆలోచించదగిందే. హరికేన్ మీద పెట్టాలంటే మాత్రం అడాప్టర్ చేయించాలి, ఎయిర్ క్లీనర్ మార్చాలి, బానెట్‌కు తగలకుండా చూడాలి.

కేటలాగుల్లో కనపడని సంగతి ఒకటి వాలు మీద బయటపడుతుంది. ఫ్లోట్ గిన్నె వెంచురీకి ముందువైపు ఉంటే, ఎత్తెక్కేటప్పుడు పెట్రోలు వెనక్కి, జెట్ వైపు జరుగుతుంది కాబట్టి ఇంజిన్ ఆగదు. గిన్నె వెనకవైపు ఉంటే అదే ఎత్తులో జెట్ ఎండిపోతుంది. ఎలక్ట్రిక్ పంపు పెట్టినవాళ్లు ప్రెషర్ కూడా చూసుకోవాలి. 3 పీఎస్‌ఐ దాటి ఎక్కువ కొడితే నీడిల్ ఆపలేదు, రెగ్యులేటర్ తప్పదు.

ఇప్పుడు బంకుల్లో దొరికే, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20 పెట్రోలు ఈ ఎంపికను మరింత ముఖ్యం చేసింది. మామూలు పెట్రోలు కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇ20కి సుమారు 13.5 చాలు. పాత జెట్ అలాగే ఉంచితే మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్గులు తెల్లబడతాయి, ఇంజిన్ వేడెక్కుతుంది. మేడ్చల్, షామీర్‌పేట సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉండటం వల్ల గాలి కాస్త పలచన, అది మిశ్రమాన్ని కొద్దిగా చిక్కబరుస్తుంది. అయినా లోటంతా పూడదు. సోలెక్స్, వెబర్ జెట్ల అంకె రంధ్రం కొలతే: 125 అంటే 1.25 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 127.5 వేస్తే రంధ్రం వైశాల్యం 4 శాతం, 130 వేస్తే 8 శాతం పెరుగుతుంది. ముందు 127.5 వేసి, తూంకుంట దాకా నడిపి, ప్లగ్గు విప్పి రంగు చూడటం సరైన పద్ధతి. కార్టర్‌లో మీటరింగ్ రాడ్ ఉంటుంది, ఆ సర్దుబాటు అంత తేలిక కాదు. సోలెక్స్ వైపు మొగ్గడానికి ఇదొక్క కారణం చాలు. పాత రబ్బరును, డయాఫ్రమ్‌ను ఇథనాల్ తినేస్తుంది కనుక కిట్ కొనేటప్పుడు వైటాన్ రబ్బరుతో చేసిందేనా అని అడగాలి. మేలో నలభై దాటే ఎండకు గిన్నెలో పెట్రోలు మరగకుండా కింద మందపాటి బేకలైట్ స్పేసర్ వేయించుకోవాలి.

1960ల నాటి బండి ఉన్నవాళ్లకు మరో లెక్క ఉంది. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా, ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేకుండా ఉన్న సొంత బండిని ‘వీఏ’ అక్షరాలుండే నంబరుతో వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. ఆ ఉద్దేశం ఉంటే హెడ్ కోయించే మార్పుల జోలికి వెళ్లొద్దు. కొత్త కార్బురేటర్ పాత బోల్టుల మీదే కూర్చునేది కొనాలి. విప్పిన పాతదాన్ని తుక్కువాడికి ఇవ్వకుండా లింకేజీ, స్ప్రింగులతో సహా నూనె గుడ్డలో చుట్టి, మీద బండి నంబరు రాసి దాచాలి.