ఉద్యోగం పోగా మిగిలిన వెలుతురు

ఫోటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ పేరు వినగానే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు, వేటలో కూలిన పులులు, ఫలక్‌నుమా హాళ్లు కళ్లముందు మెదులుతాయి. నిజాం బిరుదులిచ్చి ముసవ్విర్ జంగ్‌ని చేసిన ఆ మనిషి అంతకుముందు ఒక మామూలు సర్కారీ ఉద్యోగి. రూర్కీలో థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, 1866లో ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. ఎస్టిమేట్లు వెయ్యడం, డ్రాయింగులు గియ్యడం పని. కెమెరా చేతబట్టింది 1874లో, ముప్పయ్యేళ్లు వచ్చాక. ఆ తర్వాత కూడా దాదాపు పదేళ్లపాటు నెల జీతం వదల్లేదు.

అప్పట్లో ఫోటో తియ్యడమంటే చేతులు నల్లబడే పని. గాజు పలకకి కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచి, ఆ తడి ఆరేలోపే ఫోటో తీసి, అక్కడికక్కడే కడిగెయ్యాలి. మన ఎండలకి ఆ గడువు కొద్ది నిమిషాలే. అందుకని చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్ల బిందెలు మోయించుకుంటూ తిరగాలి. ఇంత తంటా పడి ఆయన తీసిన మధ్యభారత కట్టడాల ఫోటోలు చూడండి. స్తంభం నిటారుగా ఉంటుంది, గుమ్మం మూలమట్టంగా ఉంటుంది, ఏ గీతా వాలదు. దాని వెనక పీడబ్ల్యూడీ డ్రాయింగు బల్ల ఉందని నా అనుమానం. ఆఫీసులో అలవాటైన చూపు కెమెరాలోకి వచ్చి కూర్చుంది.

మనలో కెమెరా సరదా ఉన్నవాళ్లు ఎక్కువమంది ఉద్యోగాన్నీ సంసారాన్నీ ఆ సరదాకి అడ్డంగానే లెక్కేస్తారు. లంబసింగి మంచుకి వెళ్లాలి, లడఖ్ వెళ్లాలి, సెలవు దొరకదు, దొరికినా పిల్లల పరీక్షలు. ఈలోపు బ్యాగులో కెమెరా బ్యాటరీ నీరసించిపోతుంది. నాకు మాత్రం ఈ పితలాటకం అంతా వృథా అనిపిస్తుంది. పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి మీ ఇంటి మీద ఒక్కరోజు హక్కు ఉంటుంది, అదీ అందరూ పట్టుచీరల్లో ఉన్న రోజు. మీకైతే ఆ హక్కు ఇరవయ్యేళ్లు ఉంటుంది. అదే కిటికీ, అదే మనుషులు, అదే బస్టాపు. డబ్బు తీసుకుని పనిచేసేవాడికి ఎంతిచ్చినా దొరకని సరుకు అది. దాన్ని వాడుకోవడం ఎలాగన్నదే ఈ అభిరుచిలో అసలు పనితనం.

ముందు వేళ సంగతి. పుస్తకాలన్నీ ‘గోల్డెన్ అవర్’ అంటూ గంటసేపు బంగారు వెలుగుంటుందని ఊరిస్తాయి. ఐరోపాలో సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా పైకొస్తాడు కాబట్టి అక్కడ అది నిజమే. హైదరాబాద్ భూమధ్యరేఖకి 17 డిగ్రీల దూరంలోనే ఉంది. ఇక్కడ పొద్దు దాదాపు నిలువునా ఎక్కుతుంది. ఆ వెలుగు మనకి అరగంట ఉంటే గొప్ప. ఉద్యోగస్తుడికి ఇది నష్టమేమీ కాదు. పాల ప్యాకెట్‌కని కిందికి దిగి, పిల్లల స్కూలు వ్యాను వచ్చేలోపు ముగిసిపోయే వేళ అది. సెలవు పెట్టక్కర్లేదు.

ధనుర్మాసంలో ఆ అరగంటలో వాకిట్లో ముగ్గుని ఫోటో తీసి చూడండి. ఎండ నేలబారుగా వస్తున్నప్పుడు ముగ్గుపిండి గట్టుకి ఒక పక్క మెరుపు, రెండో పక్క సన్నటి నీడ పడతాయి. వేళ్ల సందుల్లోంచి పిండి ఎక్కడ ఒత్తుగా జారిందో, ఎక్కడ పలచబడిందో కనిపిస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి అదే ముగ్గు అచ్చు వేసిన కాగితంలా చదునైపోతుంది. నిలబడి పైనుంచి తియ్యకుండా, ఎండ వచ్చే వైపు తిరిగి, కెమెరాని మోకాలి ఎత్తుకి దించాలి.

ఇక్కడే కెమెరా ఒక పొరపాటు చేస్తుంది. ఎదురుగా ఏమున్నా సగటున అది నడిమి బూడిద రంగేనని దాని నమ్మకం. కళ్లాపి చల్లిన నల్లటి నేల ఎక్కువగా కనిపించగానే ‘అయ్యో, చీకటిగా ఉంది’ అనుకుని వెలుగు పెంచేస్తుంది. ముగ్గు గీతలు తెల్లగా చెదిరిపోతాయి. కాబట్టి ఎక్స్‌పోజర్‌ని, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగుని, ఒక స్టాపు (సగానికి) తగ్గించాలి. సున్నం వేసిన గోడ ముందు తెల్ల పంచెతో తాతయ్య కూర్చుంటే వ్యవహారం తిరగబడుతుంది. అంత తెలుపు చూసి కెమెరా చీకటి చేస్తుంది, అప్పుడు పెంచాలి. ఫోన్లో అయితే తెర మీద వేలు కాసేపు నొక్కిపట్టి, పక్కన వచ్చే సూర్యుడి బొమ్మని పైకో కిందికో జరిపితే చాలు. ఈ ఒక్కటి చేతికి అబ్బితే కొత్త లెన్సు కొనే కోరిక ఏడాది వాయిదా పడుతుంది. ఇంట్లో శాంతికి అది కూడా అవసరమే.

ఇంటి లోపల అన్నిటికంటే మంచి స్టూడియో కిటికీ. ఉత్తరం వైపు కిటికీకి, ఎండాకాలంలో ఉదయం సాయంత్రం కాస్త ఎండ తొంగిచూసినా, ఏడాదిలో ఎక్కువ రోజులు మెత్తటి వెలుగే వస్తుంది. మిగతా దిక్కుల కిటికీలకి పాత నూలు పంచె కడితే ఎండ మెత్తబడుతుంది. మనిషిని కిటికీకి ఎదురుగా కాకుండా పక్కగా, ఒకటి రెండు అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. ముందు ట్యూబులైటు ఆర్పెయ్యండి. పగటి వెలుగూ దాని వెలుగూ కలిస్తే ముఖం ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు అవుతుంది.

కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ వెలుగు చాలా త్వరగా పడిపోతుంది. ఇది ఇరుకు ఇళ్లవాళ్లకి వరం. కిటికీ పక్కనున్న ముఖానికి సరిపోయేలా ఎక్స్‌పోజర్ పెడితే వెనక గోడ దానంతటదే చీకట్లో కలిసిపోతుంది. కుర్చీ మీద మడతపెట్టని బట్టలు, గోడకి వేలాడే క్యాలెండరు, చార్జర్ల వైర్లు అన్నీ మాయం. నీడ పడిన చెంప మరీ నల్లగా ఉంటే అటువైపు ఒక థర్మాకోల్ షీటు నిలబెడితే చాలు. అదే మనిషిని గది లోపలికి జరిపితే ముఖానికీ గోడకీ తేడా తగ్గి, బట్టలన్నీ మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

పిల్లలు ఇలా కుదురుగా కూర్చోరు. వాళ్లకోసం షట్టర్ వేగం సెకనులో 250వ వంతుకి తగ్గకుండా పెట్టుకుని, మనం నేల మీద కూర్చోవాలి. నిలబడి తీస్తే పిల్లలందరూ నడినెత్తిగానే మిగులుతారు. ఇంకో మాట. ఫోన్లో ‘బ్యూటీ’ అని ఒకటుంటుంది, దాన్ని తీసెయ్యండి. చామనచాయని పాలిపోయిన తెలుపుగా మార్చి, అమ్మమ్మ నుదుటి ముడతల్ని ఇస్త్రీ చేసిపెట్టమని దానికి ఎవరు చెప్పారో!

ఇంటినే సబ్జెక్టుగా తీసుకుని ఎంత దూరం వెళ్లొచ్చో చూపించినవాడు ఉమ్రావ్‌సింగ్ షేర్‌గిల్. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ తండ్రి. సంస్కృతం, పారశీకం చదువుకున్న పండితుడు. ఆయన ఫోటోలు అమ్ముకోలేదు. దశాబ్దాలపాటు భార్యని, ఇద్దరు కూతుళ్లని, తనని తాను తీసుకుంటూ పోయాడు. ఆ పిల్లలు ఎదగడం, వేషాలు మారడం, తల్లి ముఖంలో ఏళ్లు గడవడం అన్నీ అందులో ఉన్నాయి. తర్వాత ఆయన మనవడు, చిత్రకారుడు వివాన్ సుందరం, ఆ పాత ఫోటోల్ని కంప్యూటర్లో కలిపి కొత్త కళాఖండాలే చేశాడు. నిజమే, ఉమ్రావ్‌సింగ్‌కి పదింటికల్లా ఆఫీసులో ఉండాల్సిన అవసరం లేదు. అయినా ఆయన సాధించినదానికి తీరిక ఒక్కటే కారణం అనుకోలేం. ఒకే నలుగురిని అన్నేళ్లు విసుగు లేకుండా చూశాడు.

కెమెరా ఉందని చుట్టాలకి తెలిసిన రోజు నుంచి ఇంకో తంటా మొదలవుతుంది. ‘అన్నయ్యా, మా చిన్నదాని ఓణీల ఫంక్షన్‌కి నువ్వున్నావుగా, వేరే ఫోటోగ్రాఫర్ ఎందుకు?’ ఒప్పుకుంటే భోజనం ఆఖరి బంతిలో, మాట ఆర్నెల్లు. ఆల్బమ్ పనిని పనివాళ్లకే వదిలేసి, మీరు వంటల షెడ్డు వైపు వెళ్లండి. గరిటె పట్టుకున్న చేతులు, మూల కూర్చుని చెప్పులు విప్పుకుంటున్న పెద్దాయన, నిద్రకి తూలుతున్న సన్నాయి మేళగాడి కొడుకు అక్కడే ఉంటారు. పరాయివాళ్లయితే కెమెరా చూపించి కళ్లతోనైనా అడగండి. పిల్లలైతే పెద్దవాళ్లని అడగండి.

తీసినవాటిని ఏరడం తియ్యడమంత పని. రీలు రోజుల్లో 36 ఉండేవి, అదృష్టం ఉంటే ముప్పై ఏడోది కూడా వచ్చేది. కడిగించడానికి డబ్బు కాబట్టి నొక్కకముందే ఆలోచించేవాళ్లం. ఇప్పుడు ఆ ఆలోచన తర్వాతికి జరిగింది, చాలాసార్లు జరిగిపోతూనే ఉంది. నెలకి పన్నెండు మించి ఉంచుకోనని ఒట్టు పెట్టుకోవడం మంచిది. పిల్లలు పడుకున్నాక ఒక గంట చాలు. ఉంచినవాటికి రెండు కాపీలు, అందులో ఒకటి వేరే ఇంట్లో. ఏడాదికోసారి ప్రింట్లు వేయించి వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో ఊరు, తేదీ, మనుషుల పేర్లు రాయాలి. బాల్‌పెన్ గుచ్చితే ముందువైపు గీత తేలుతుంది. ‘పిన్ని’ అని రాసి వదలొద్దు, ఎవరి పిన్నో మనవలకి తెలియదు.

ఆ ప్రింట్లు వరసగా పేర్చినప్పుడు ఎవరు లేరో కూడా చూడాలి. చాలా ఇళ్లలో కెమెరా నాన్నది, కాబట్టి నాన్న ఎక్కడా ఉండడు. అమ్మ ఉంటుంది గానీ, పొయ్యి దగ్గర వీపు తిప్పి, లేదా ‘ఇప్పుడొద్దు, జుట్టు చూడు ఎలా ఉందో’ అంటూ చెయ్యి అడ్డంపెట్టి. ఉమ్రావ్‌సింగ్ అయితే తన కెమెరా ముందు తానే కూర్చుని ఈ లెక్క సరిచేశాడు. మనకి అంత ఓపిక లేకపోతే, నెలలో ఒక ఆదివారం కెమెరా పూర్తిగా ఇంట్లోవాళ్ల చేతికి ఇచ్చెయ్యాలి. సలహాలు ఇవ్వకూడదు. తల సగం తెగుతుంది, గోడ వాలుతుంది. మీ బనీను, మీ పొట్ట, న్యూస్‌పేపరు వెనక మీరు పెట్టే ముఖం అన్నీ పడతాయి. ఆ నెల పన్నెండులో అవి కూడా ఉండాలి.