స్వేచ్ఛావాణిజ్యం, సీమ కరువు, మన సాహిత్యం

రాయలసీమ సాహిత్యం మీద వచ్చే వ్యాసాల్లో చాలా భాగం ఒకే మాటతో మొదలవుతాయి: ఇక్కడ వాన పడదు. ఆ మాటలో అబద్ధం లేదు. కాని అది సగం నిజం. వాన పడకపోతే పంట పోతుంది. పంట పోయిన ప్రతిచోటా మనుషులు చావరు. పంట పోవడానికీ మనిషి చావడానికీ మధ్య శిస్తు ఉంది, అప్పు ఉంది, ధర ఉంది, ఆ మూడింటినీ నడిపించే ప్రభుత్వ విధానం ఉంది. మన కవులూ కథకులూ ఈ మధ్యనున్నదాన్ని ఎంతవరకు చూశారన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడెందుకని ఎవరైనా అడగవచ్చు. బ్రిటిషు పాలనను ఆర్థిక దృష్టితో మెచ్చుకునే వాదం ఒకటి మళ్లీ వినిపిస్తున్నది. తెల్లవాడు రైతు పేర పట్టా రాసిచ్చాడనీ, రైలు వేశాడనీ, వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదిలాడనీ, తర్వాతి ప్రభుత్వాలే పన్నులతో, అదుపులతో అంతా పాడుచేశాయనీ ఆ వాదం సారాంశం. దీన్ని తిట్టి ఊరుకుంటే చాలదు. కదిరి నేల మీద నిలబెట్టి పరీక్షించాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాడు. మనం దత్తమండలాల వాళ్లమయ్యాం. ఆ పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు రాయలసీమ అన్న పేరు ప్రతిపాదించేదాకా అదే మన చిరునామా. అప్పట్లో కదిరి కడప జిల్లాలో ఉండేది. 1910లో అనంతపురంలో కలిసింది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. జిల్లాల పేర్లు మారాయి గాని మెట్టచేను మారలేదు.

దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో, 1800 నుంచి 1807 వరకు. పాలెగాళ్లను అణచి, జమీందారును మధ్యలో పెట్టకుండా ఒక్కొక్క రైతు మీద శిస్తు కట్టిన రైత్వారీ పద్ధతికి ఇక్కడ బలమైన పునాది వేసినవాడు అతడే. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే సీమ జనం అతని మీద కథలల్లుకున్నారు, బిడ్డలకు అతని పేరు పెట్టుకున్నారు. ఈ భక్తిని అజ్ఞానమని కొట్టిపారేయడం మన విమర్శకులకు అలవాటు. అది పొరపాటు. పాలెగాడి దోపిడీనీ, ఏ ఏటికాయేడు మారే వసూళ్లనూ చూసిన రైతుకు, లెక్క రాసి ఇంత కట్టు అని చెప్పిన దొర కొత్తగా కనిపించాడు. జానపద స్మృతికి ఒక భౌతిక కారణం ఉంటుంది, దాన్ని వెతకడమే విమర్శకుని పని.

ఆ మన్రోనే 1807లో కంపెనీకి ఒక మాట రాశాడు. శిస్తు మితిమీరి ఉంది, మొత్తం మీద నూటికి ఇరవై ఐదు తగ్గించండి, రైతు సొంత ఖర్చుతో నీరు పెట్టుకున్న భూమికి మరో ఎనిమిది తగ్గించండి అన్నాడు. చేతిలో నాలుగు రూకలు మిగిలితేనే రైతు భూమి బాగుచేస్తాడన్నది అతని తర్కం. స్వేచ్ఛామార్కెట్టు వాదులు ఇవాళ పన్నుల గురించి చెప్పేది అచ్చంగా ఇదే. ఈ మాట సరైనదేనని ఒప్పుకోవడానికి అభ్యుదయవాదికి మొహమాటం అక్కర్లేదు. మరి కంపెనీ ఏం చేసింది? ఒప్పుకోలేదు. రైత్వారీనే పక్కన పెట్టి ఊళ్లకు ఊళ్లను మూడేళ్ల కౌలుకూ తర్వాత పదేళ్ల కౌలుకూ ఇచ్చింది. కౌలుదార్లు దివాళా తీశారు, రైతులు నలిగిపోయారు. మన్రో గవర్నరై తిరిగివచ్చిన 1820 తర్వాత గాని శిస్తు తగ్గలేదు. మార్కెట్టు సూత్రం రైతుకు మేలు చేసే చోట కంపెనీకి ఆ సూత్రం గుర్తురాలేదన్నది మనం గమనించాలి.

గుర్తొచ్చింది ఎప్పుడంటే ధాత కరువులో.

ఆడమ్ స్మిత్ 1776లో వెలువరించిన గ్రంథంలో ధాన్య వ్యాపారం మీద ఒక ప్రకరణం ఉంది. కొరతను క్షామంగా మార్చేది ప్రభుత్వపు జోక్యమేనని అతని సిద్ధాంతం. 1770 నాటి బెంగాల్ క్షామానికి కూడా కంపెనీ ఉద్యోగులు బియ్యపు వ్యాపారం మీద పెట్టిన ఆంక్షలను తప్పుపట్టాడు. అంటే ఆ మాట పుట్టినప్పుడు కంపెనీకి వ్యతిరేకంగానే పుట్టింది. నూరేళ్ల తర్వాత అదే మాట పాలకుల నోట వేదవాక్కయింది. 1873-74 బీహారు కరువులో సర్ రిచర్డ్ టెంపుల్ బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. అందుకు మెప్పు రాలేదు సరికదా, దుబారా చేశాడని ఇంగ్లండులో నింద పడ్డాడు. ఆ నింద పోగొట్టుకోవాలనుకున్నవాణ్ణే 1877 జనవరిలో వైస్రాయ్ లిట్టన్ మద్రాసు రాజధానికి పంపాడు. సహాయపు పనుల్లో రాయి కొట్టే మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా అని టెంపుల్ తేల్చాడు. అది మనిషిని నిలబెట్టే తిండి కాదని మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్ పోరాడాడు. కొన్ని నెలల తర్వాత కూలి పెంచక తప్పలేదు, ఆలోగా పోయేవాళ్లు పోయారు. అంతకు ముందే మద్రాసు ప్రభుత్వం గుట్టుగా ముప్పై వేల టన్నుల ధాన్యం కొనిపిస్తే, వ్యాపారుల దారికి అడ్డుపడ్డారని పైనుంచి అక్షింతలు పడ్డాయి.

రైలు అప్పటికే గుత్తి మీదుగా పోతున్నది. ధాన్యం వచ్చింది, కాని కొనేందుకు డబ్బు రాలేదు. అసలు కీలకం ఇక్కడుంది. మార్కెట్టుకు ఆకలి భాష తెలియదు, రూపాయి భాష ఒక్కటే తెలుసు. పంట పోయిన రైతు, పని పోయిన కూలి, గిరాకీ పోయిన నేతగాడు ఆ భాషలో మూగవాళ్లు. ఆహారం లేక కాదు, ఆహారాన్ని పొందే హక్కు లేక జనం చస్తారని అమర్త్య సేన్ 1981లో శాస్త్రంగా నిరూపించింది ఈ సంగతే. బ్రిటిషు పాలిత ప్రాంతాల్లో 50 లక్షలకు పైగా చనిపోయారని ఆనాటి కరువు కమిషనే అంచనా కట్టింది.

మరి ప్రభుత్వం నిజంగా చేతులు కట్టుకుని కూర్చున్నదా? లేదు. అదే 1877 చివర మద్రాసు రాజధానిలో మణుగు ఉప్పు మీద పన్ను రూపాయి పదమూడణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. 1879లో తన మండలిలో ఎక్కువమంది వద్దన్నా వినక లిట్టన్ ముతక నూలుబట్ట మీద దిగుమతి సుంకం ఎత్తేశాడు. మాంచెస్టరు మిల్లుకు స్వేచ్ఛ వచ్చింది, మన మగ్గానికి ఉరి పడింది. 1864 నుంచి నికరాదాయంలో సగం భూమిశిస్తన్నది మద్రాసు రాజధానిలో నియమం. కాబట్టి స్వేచ్ఛావాణిజ్యమంటే ప్రభుత్వం లేకపోవడం కాదు, ప్రభుత్వం ఎవరి వైపు ఉండాలో ముందే నిర్ణయమైపోవడం. సాయం చేయాల్సిన చోట సిద్ధాంతం అడ్డొచ్చింది, వసూలు చేయాల్సిన చోట ఏ సిద్ధాంతమూ అడ్డు రాలేదు.

ఇక సాహిత్యం సంగతి. ఈ నేల గోసను మొదట మహాకావ్య స్థాయిలో పాడినది విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'. ఎండిన పెన్ననూ ఒక పేదజంట బతుకునూ కలిపి చూపిన ఆ కావ్యం రాయలనాటి వైభవాన్ని తలచుకుని, పెన్నతల్లి ఎందుకిట్లా అయిందని వాపోతుంది. ఆ ప్రశ్న గొప్పది. కాని రాయల కాలానికీ ఎండిన ఏటికీ మధ్య కంపెనీ ఉంది, రాణిగారి పాలన ఉంది, శిస్తు కచ్చేరీ ఉంది. కావ్యం ఆ నడిమి కాలాన్ని తాకీ తాకకుండా దాటిపోతుంది. విశ్వానికి ఆ చరిత్ర తెలియక కాదు. అనంతపురంలో తరిమెల నాగిరెడ్డితో కలిసి నవ్యసాహిత్యమాల నడిపినవాడు ఆయన. వేదన ప్రధానమైన కవితారూపం కారణాల వైపు ఆయనను పోనివ్వలేదని నా అభిప్రాయం. ఆ కారణాల లెక్క తర్వాత నాగిరెడ్డి 'తాకట్టులో భారతదేశం'లో వచనంలో రావలసివచ్చింది. ఒకే తరిమెల ఊరు కన్నీటినీ లెక్కనూ రెండు వేరువేరు పుస్తకాలుగా ఇచ్చింది. అవి ఒక్క పుస్తకంలో కలవకపోవడమే సీమ సాహిత్యంలో మిగిలిన వెలితి.

కథకులు ఒక మెట్టు ముందుకు వేశారు. సింగమనేని నారాయణ 'జూదం' అన్న పేరులోనే మెట్టసేద్యం స్వభావం పట్టుకున్నారు. ఆయనా, ఆయన తర్వాతివాళ్లూ ఆకాశం మీది నేరాన్ని దించి ఊళ్లోకి తెచ్చారు. షావుకారును, పెత్తందారును, మండీ దళారిని చూపారు. ఇది పెద్ద ముందడుగే. అయితే షావుకారు గొలుసులో చివరి కడియం మాత్రమే. 1994లో పామాయిలు దిగుమతిని స్వేచ్ఛగా వదిలారు, అప్పుడు సుంకం నూటికి 65. 1998 నాటికి అది 15కు దిగింది. ఆ అంకె మారిన రోజున కదిరి మండీలో వేరుశనక్కాయల మూట ముందు కూర్చున్న రైతు జూదంలో పాచికలు మారాయి. ఆ సంగతి అతనికి తెలియదు, అతని కథ రాసిన మనకూ చాలాకాలం తెలియలేదు. కదిరి పరిశోధనా కేంద్రం విత్తనాలు ఊరి పేరును దేశమంతా మోస్తున్నాయి. విత్తనం పేరు కదిరిది, దాని ధర కదిరిది కాదు.

బండి నారాయణస్వామి 'శప్తభూమి' పాలెగాళ్ల కాలం నాటి అనంతపురాన్ని నవలకెక్కించి, చరిత్ర రాజుల సొత్తు కాదని నిరూపించింది. 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం రావడం సీమకంతటికీ గౌరవం. ఆ నవల ఆగిన చోటి నుంచి మొదలుకావలసిన నవల ఇంకా రావాలి: మన్రో జమాబందీ, ధాత కరువు, రాళ్లు కొట్టిన సహాయపు పనులు, ఉప్పు పన్ను వస్తువుగా గల నవల.

అట్లాంటి రచనకు గణాంకాలు అతికిస్తే చాలునని నేననడం లేదు. అంకెలు పాత్రల నోట ఉపన్యాసాలైతే అది కథ కాదు, కరపత్రం. బెంగుళూరులో ఇతరుల మేడలకు ఇటుకలు మోస్తూ సొంత ఊళ్లో ఇంటికి తాళం వేసిన కదిరి కూలి బతుకులో సుంకమూ ధరా వడ్డీ అప్పటికే ఉన్నాయి. వాటిని బయటినుంచి తేనక్కర్లేదు. చూడగల దృష్టి ఉంటే అతని సద్దిమూటలోనే కనిపిస్తాయి.

పన్ను తగ్గాలన్న మాట రైతుదే, దాన్ని మార్కెట్టువాదులకు వదిలేయకూడదు. కాని ధర చెప్పేదే సత్యమన్న మాటను ఈ నేల ఒప్పుకోదు, 1877లో ఆ సత్యానికి ఎంతమంది బలైందీ లెక్క ఉంది కాబట్టి. వాన పడలేదని రాయడం మన రచయితలు నేర్చారు. వాన పడని ఏడు ఎవరు ఏం వసూలు చేశారో, ఎవరికి ఏది మాఫీ అయిందో రాయడం ఇక నేర్వాలి.