సుబేదారు చెప్పిన కథ, దొర రాసుకున్న కథ

సైనికుల స్మృతుల పట్ల మన విమర్శ చూపవలసినంత శ్రద్ధ చూపలేదని నా అభియోగం. సేనాపతుల ఆత్మకథలు చరిత్రకారులకు ఆధారాలవుతాయి. యుద్ధ నవలలు విమర్శకులకు వస్తువవుతాయి. కాని కవాతు మైదానంలో కాళ్ళు అరగదీసుకుని, నెల జీతంలో సగం ఇంటికి పంపి, ఒక పట్టీ కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న మామూలు సిపాయి చెప్పుకున్న మాటలు ఎవరికీ అక్కరలేనివయ్యాయి. చరిత్రకు అవి చిల్లర సంగతులు; సాహిత్యానికి శిల్పం లేని ముచ్చట్లు; మనవంటి అభ్యుదయవాదులకు పాలకుల ఉప్పు తిన్నవారి స్తోత్రాలు.

ఈ అభియోగంలో మొదటి ముద్దాయిని నేనే. డిగ్రీ తరగతిలో ఆత్మకథా ప్రక్రియ గురించి పాఠం చెబుతూ, సుబేదారు సీతారామ్ పాండే స్మృతుల ప్రస్తావన వచ్చినప్పుడు, "అది ఒక బానిస ఆత్మకథ" అని ఒక్క మాటతో దానిని తోసివేశాను. పాఠం అయిన తరువాత ఒక విద్యార్థి నా వెంట వరండాలోకి వచ్చాడు. "మా నాన్న హవల్దారుగా రిటైరయ్యాడు సార్. ఆయన మాటలూ అలాగే వుంటాయి. రెజిమెంటును ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకోడు. కాని రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే వేరే సంగతులు చెబుతాడు" అన్నాడు. నేనప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ పుస్తకం మళ్ళీ తీసి చదివాను. ఈ వ్యాసం ఆ చదువు ఫలితం.

పుస్తకం సంగతి తెలియనివారికోసం రెండు మాటలు. సీతారామ్ అవధ్ ప్రాంతపు బ్రాహ్మణ రైతు కుటుంబంలో 1797లో పుట్టాడు. 1812లో కంపెనీవారి బెంగాల్ సైన్యంలో చేరాడు. గూర్ఖాలతో, పిండారీలతో జరిగిన యుద్ధాలూ, భరత్‌పూర్ ముట్టడీ చూశాడు. మొదటి ఆఫ్ఘన్ యుద్ధంలో పట్టుబడి కాబూలులో బానిసగా బతికాడు. సిక్కు యుద్ధాలలోనూ, 1857 తిరుగుబాటులోనూ కంపెనీ పక్షాన నిలిచాడు. 48 సంవత్సరాల కొలువు తరువాత సుబేదారుగా పెన్షను పుచ్చుకున్నాడు. తన పాత అధికారి నార్గేట్ కోరగా జీవితకథ చెప్పాడనీ, నార్గేట్ దానిని ఇంగ్లీషు చేశాడనీ అంటారు. 1873లో లాహోరులో అచ్చయిన ఆ ఇంగ్లీషు ప్రతే మనకు ఆధారం. సీతారామ్ తన భాషలో రాసిన మూలప్రతి నేటివరకు దొరకలేదు. కొన్ని పటాలాల పేర్లు, సంవత్సరాలు లెక్కకు పొసగవు. అందుచేత దీనిని ఎవరో ఇంగ్లీషువాడే కల్పించాడనే అనుమానం చాలాకాలంగా వుంది.

ఆ ఇంగ్లీషు ప్రతినే ఫిలట్ అనే మరో అధికారి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఉర్దూ చేయించాడు. ఇంగ్లీషు అధికారుల భాషాపరీక్షకు అది పాఠ్యగ్రంథమైంది. అంటే సిపాయి మాట మొదట దొర భాషలోకి పోయి, అక్కడినుంచి సిపాయి భాషలోకి తిరిగి వచ్చి, సిపాయిలను ఎలా నడపాలో దొరలకు నేర్పింది. ఇంతకంటె స్పష్టంగా ఒక పుస్తకం వర్గ ప్రయోజనం బయటపడడం అరుదు.

అయితే ఇక్కడే ఆగిపోతే విమర్శకుడి పని తేలికవుతుంది. నేను చేసిన తప్పు అదే. పుస్తకాన్ని ఎవరు వాడుకున్నారు అన్న ప్రశ్నకు జవాబు దొరకగానే, పుస్తకంలో ఏముంది అన్న ప్రశ్న అడగడం మానేశాను.

కుర్రవాడు సైన్యంలో ఎందుకు చేరాడో చూడండి. మేనమామ హనుమాన్ జమేదారు. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు మెడలో మెరిసిన బంగారు పూసలూ, చెప్పిన యుద్ధాల కథలూ కుర్రవాడిని లాగాయి. ఇది పైకి కనిపించే కారణం. తండ్రి ఒప్పుకున్న కారణం వేరు. ఆయనకు ఒక మామిడితోపు మీద దావా నడుస్తున్నది. అవధ్ నుంచి వెళ్ళిన సిపాయిలకు కంపెనీ ఒక హక్కు ఇచ్చింది: ఇంటి వ్యాజ్యాలను లక్నోలోని రెసిడెంటు ద్వారా నవాబు దర్బారుకు పంపుకోవచ్చు. కొడుకు ఎర్రకోటు తొడిగితే తోపు దక్కుతుందని తండ్రి ఆశ. నెలకు ఏడు రూపాయల జీతం ఒక ఎత్తు, ఈ అర్జీ హక్కు ఒక ఎత్తు. 1856లో కంపెనీ అవధ్‌ను కలిపేసుకున్నప్పుడు ఆ హక్కుకు విలువ లేకుండా పోయింది. మరుసటి సంవత్సరం జరిగినదానికి తూటాల కొవ్వు ఒక్కటే కారణమని చెప్పే పాఠ్యపుస్తకాల పక్కన ఈ మామిడితోపును పెట్టి చూడండి. రాజభక్తుడని మనం తోసేసిన మనిషి నోటనే తిరుగుబాటుకు ఆర్థిక మూలం వినిపిస్తుంది.

ఇక శిక్షణ. మామ కథల్లో వినని సంగతులు సీతారామ్‌కు కవాతు మైదానంలో ఎదురయ్యాయి. బిగుతైన కోటు చంకల్లో కోసింది. ఆజ్ఞలు తెలియని భాషలో వచ్చాయి. డ్రిల్ హవల్దారు చేయి చేసుకున్నాడు. ఎందుకు తనమీద అంత కక్ష అని ఆరా తీస్తే తేలినది ఇది: కొత్తగా చేరినవాడు డ్రిల్ హవల్దారుకూ తెల్ల సార్జెంటుకూ మామూలు ముట్టజెప్పాలి, అది ముట్టలేదు. సైనిక శిక్షణను క్రమశిక్షణ అనే మహత్తర పదంతో వర్ణించే గ్రంథాలు చాలా వున్నాయి. ఆ పదం కింద ఎవరి చేయి ఎవరి జేబులో వుందో చెప్పినది ఈ సుబేదారు. కాలు ఎత్తడం, తుపాకి దించడంతో పాటు, ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు కూర్చుని వున్నారనీ, వారిని దాటుకుని పోవాలనీ కుర్రవాడు అక్కడే నేర్చుకున్నాడు.

ఆ మెట్లు ఎన్ని? సిపాయి, నాయక్, హవల్దారు, జమేదారు, సుబేదారు. అక్కడితో నిచ్చెన దాదాపు ఆఖరు. బెంగాల్ సైన్యంలో పైకి ఎక్కడం కొలువు చేసిన ఏళ్ళ లెక్క మీద జరిగేది. ఆఖరి మెట్టుకు చేరేసరికి సీతారామ్ అరవై దాటిన వృద్ధుడు. ముప్ఫై ఏళ్ళ కిందట ఈ పదవి వచ్చివుంటే పనికివచ్చేవాడిని, ఇప్పుడు కంపెనీ ముందు నిలబడి ఏమి చేయగలనని వాపోతాడు. పుస్తకంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం ఇది.

ఒక మిత్రుడు ఇక్కడ ఆక్షేపణ తెచ్చాడు. సీనియారిటీ పద్ధతి మీద 1857 తరువాత ఇంగ్లీషు అధికారులే వాదించుకున్నారు. ముసలి సుబేదార్లు పటాలాన్ని అదుపులో పెట్టలేకపోయారని వారి ఫిర్యాదు. ఆ ఫిర్యాదునే సుబేదారు నోట పలికించి వుండవచ్చు కదా అన్నాడు. ఆక్షేపణ బలమైనదే. దానిని కాదనను. కాని దానివల్లనే మనకు చదివే తీరు ఒకటి దొరుకుతుంది. సుబేదారు ఏ ఫిర్యాదు చేశాడో చూడండి. ఏది చేయలేదో కూడా చూడండి. పదవి ఆలస్యంగా వచ్చిందన్నాడు. ఆ నిచ్చెనకు పైన మరో మెట్టు ఎందుకు లేదన్న ప్రశ్నను మాత్రం నిలదీయలేదు. 48 ఏళ్ళ కొలువు చేసిన సుబేదారు, నిన్న ఓడ దిగిన తెల్ల కుర్ర అధికారికి కింద నిలబడాలి. ఈ ఏర్పాటు చాలాకాలం కదలలేదు. మొదటి ప్రపంచయుద్ధం చివర గాని భారతీయులకు రాజు పేర ఇచ్చే కమిషన్లు తెరుచుకోలేదు. డెహ్రాడూన్‌లో సైనిక అకాడమీ 1932లో గాని రాలేదు. సీతారామ్‌కు ఈ ప్రశ్న తోచలేదని నేను అనుకోను. వినేవాడు దొర అయినప్పుడు ఆ ప్రశ్న నోటిదాకా రాదు. వచ్చినా కాగితం మీదికి రాదు. దొర సహించగల ఫిర్యాదే కాగితం మీద మిగిలింది.

అందుచేత నేను చెప్పదలచినది ఇది. సైనిక స్మృతిని చదివేటప్పుడు, చెప్పినవాడు ఎవరు అని అడిగితే చాలదు. ఎవరికి చెప్పాడు, ఆ వినేవాడి చేతిలో ఏ పట్టీ వుంది అని కూడా అడగాలి. ప్రమోషన్ ఇచ్చేవాడికి చెప్పిన జ్ఞాపకం ఒకటి. ఇంట్లో, రాత్రిపూట, నిద్ర పట్టక చెప్పిన జ్ఞాపకం మరొకటి. రెండూ నిజాలే. మొదటిది మాత్రమే అచ్చవుతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులోవున్న మన సిపాయిల ఉత్తరాలకూ ఇదే గతి పట్టింది. చదువురానివారు పక్కవారిచేత రాయించారు. సెన్సారు అధికారులు తెరిచి చదివి, ఇంగ్లీషులో ఎత్తి రాసుకున్నారు. మనకు మిగిలినవి ఎక్కువగా ఆ ఎత్తిరాతలే. తెరిచి చదువుతారని సిపాయిలకు తెలుసు. నల్ల మిరియాలు, ఎర్ర మిరపకాయలు అని రాసి, నల్ల సైనికుల మాటా తెల్ల సైనికుల మాటా చెప్పుకున్నారు. వినేవాడిని తప్పించుకోవడానికి నిరక్షరాస్యుడు కనిపెట్టిన ఈ అలంకారాన్ని మన అలంకారశాస్త్రం తరగతుల్లో చెప్పుకోదగదా?

వినేవాడు మారితే ఏమవుతుందో చూపే ఉదాహరణ చంద్రసింగ్ గఢ్వాలీది. ఆయనా అదే నిచ్చెన ఎక్కినవాడు. మొదటి యుద్ధంలో పోరాడాడు, హవల్దారయ్యాడు. యుద్ధం ముగియగానే పట్టీ ఊడదీసి మళ్ళీ మామూలు సిపాయిని చేశారు. తిరిగి ఎక్కాడు. 1930 ఏప్రిల్ 23న పెషావరులో నిరాయుధులైన పఠాన్ల మీద కాల్చమన్నప్పుడు, కాల్చవద్దని తన గఢ్వాలీ సైనికులను ఆపాడు. కోర్టు మార్షల్ యావజ్జీవ శిక్ష వేసింది. ఆయన జీవితకథ రాసినవాడు రాహుల్ సాంకృత్యాయన్. శిక్షణ అదే, యూనిఫారం అదే, మెట్లు అవే. కాని వినేవాడు దొర కాదు, ఉద్యమంలోనుంచి వచ్చిన రచయిత. కనుక పట్టీ ఊడదీసిన సంగతి కథలో చిన్న అవమానంగా మిగలక, ఒక మనిషి కళ్ళు తెరుచుకున్న క్రమంలో భాగమవుతుంది. రాహుల్‌జీకి కూడా ఒక దృక్పథం వుంది. ఆయన వినికిడి కూడా ఏరుకున్నదే. ఇది మరచిపోతే నార్గేట్‌కు వర్తింపజేసిన నియమాన్ని మనవాడికి మినహాయించినవాళ్ళమవుతాం.

సీతారామ్ వద్దకు మళ్ళీ వస్తాను. తిరుగుబాటు అణచివేతలో పట్టుబడినవారిని కాల్చే పని వచ్చింది. ఖైదీలలో తన కొడుకు అనంతీరామ్ కనిపించాడు. ఆ పనినుంచి తప్పించమని అధికారిని వేడుకున్నాడు, తప్పించారు, కొడుకును మరొకరు కాల్చారు. దహనం చేసుకోవడానికి తండ్రికి అనుమతి దొరికింది. ఆ తరువాత సుబేదారు పదవి వచ్చింది. ఈ రెండు సంఘటనలను పుస్తకం ఒకదాని తరువాత ఒకటిగా చెబుతుంది గాని కలిపి చెప్పదు. ఇది కల్పనే అయినా, కల్పించినవాడు తనకు తెలియకుండానే ఒక నిజం చెప్పాడు: అరవై దాటాక అందిన ఆఖరి మెట్టు వెల ఎంతో చెప్పాడు. ఇది చదివిన తరువాత "బానిస ఆత్మకథ" అన్న నా మాట నాకే చవకగా తోచింది.

దీనితో తెలుగువారికేమి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. 1757లో క్లైవు ప్లాసీకి తీసుకుపోయిన సైన్యంలో మద్రాసు తీరంనుంచి వచ్చిన సిపాయిలున్నారు. అటువంటివారివల్ల ఉత్తరదేశంలో కంపెనీ సిపాయికి "తిలంగా" అన్న పేరే స్థిరపడింది. ఏ కులంవాడైనా, ఏ భాషవాడైనా, ఎర్రకోటు తొడిగితే వాడు తిలంగా. 1857లో ఢిల్లీ జనం తిరుగుబాటు సిపాయిలను పిలిచినదీ ఆ పేరుతోనే. మన జాతి పేరు సిపాయి అనే మాటకు పర్యాయపదమైంది. కాని ఆనాటి తెలుగు సిపాయి తన నోట చెప్పిన ఒక్క కథ మన సాహిత్య చరిత్రలో పాఠంగా లేదు. పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరు వుంది. తరతరాలుగా ఇంటింటినుంచి సైన్యానికి వెళ్ళినందువల్ల ఊరి పేరు ముందు "మిలిటరీ" అన్న మాట చేరింది. అటువంటి ఊళ్ళలో పతకాలు గోడలకు వేలాడుతున్నాయి. జ్ఞాపకాలు మనుషులతోపాటు పోతున్నాయి.

ఇది గతానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 2022లో కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది: నాలుగేళ్ళ కొలువు, ఆ తరువాత నూటికి ఇరవై అయిదుగురికి మించి నిలవరు, మిగిలినవారికి పెన్షను లేదు. ఆ ఏడు జూన్ 17న సికింద్రాబాద్ స్టేషనులో యువకులు తిరగబడ్డారు, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. చీకటితో లేచి ఊరి రోడ్ల మీద పరుగులు పెట్టి దేహాన్ని సిద్ధం చేసుకున్న పిల్లలు వారు. వారి ఇళ్ళలోనూ ఏదో ఒక మామిడితోపు కథ వుంటుంది. దేశభక్తి అని ఒకరూ, అరాచకం అని మరొకరూ ఒక్క మాటతో తేల్చేశారు. ఆ ఒక్క మాట అలవాటు నాకు తెలుసు. తరగతిలో నేను చేసినదీ అదే.

ఉపాధ్యాయ మిత్రులకూ విద్యార్థులకూ నా మనవి ఇది. మీ ఇంట్లో, మీ వీధిలో రిటైరైన సిపాయి వుంటే ఆయన దగ్గర కూర్చోండి. ఏ యుద్ధం చూశావని మొదట అడగకండి. ఎందుకు చేరావు, ఇంట్లో అప్పుడు ఏ బాకీ వుంది, మొదటి నెలలో ఎవరు కొట్టారు, మొదటి పట్టీకి ఎన్నేళ్ళు పట్టింది, నీతోపాటు చేరి పట్టీ రానివాడు ఏమయ్యాడు అని అడగండి. ఆయన మాటలు ఆయన మాండలికంలోనే రాయండి. రెజిమెంటును పొగిడితే అదీ రాయండి, కొట్టివేయకండి. తరువాత ఓపిక పట్టి, రాత్రి మాటల కోసం మళ్ళీ వెళ్ళండి.

ఆ విద్యార్థి ఒక నోటుబుక్కు కొనుక్కున్నాడు. వాళ్ళ నాన్న ఇంకా పగటి మాటలే చెబుతున్నాడట.