జిల్లాల జాబితా సర్దేవాళ్లు

ఆన్‌లైన్ దరఖాస్తులో జిల్లా పేరు నొక్కి ముందుకు పోతాం. ఆ జాబితాను సర్దిన ప్రోగ్రామర్‌ను ఎవరూ తలుచుకోరు. 2016 అక్టోబరు 11న, దసరా నాడు, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అలా వచ్చినవే.

ప్రోగ్రాములో ఇలాంటి జాబితాను దాచే అర్రేలో వరుస సంఖ్య 0తో మొదలవుతుంది. జనగామను మధ్యలో చేరిస్తే తర్వాతి పేర్లన్నీ ఒక్కో గడి జరుగుతాయి. పాత రికార్డులో పేరుకు బదులు గడి సంఖ్యే ఉంటే నల్గొండ మనిషి ఇంకో జిల్లావాడైపోతాడు!

తీసేయడంలో తంటా వేరు. పీహెచ్‌పీ భాషలో అన్‌సెట్ ఆదేశంతో నడుమనున్న పేరు తీసేస్తే మిగతావి కదలవు, సంఖ్యల్లో ఖాళీ మిగులుతుంది. దాన్నలాగే జేసన్‌గా మారిస్తే జాబితా కాస్తా ఆబ్జెక్టు అవుతుంది, అవతల జావాస్క్రిప్ట్ లూపు తెల్లమొహం వేస్తుంది. ముందే అర్రే_వాల్యూస్ ఫంక్షన్‌ను పిలిస్తే సంఖ్యలు మళ్లీ వరుసకొస్తాయి.

నాకు ఎక్కువ గౌరవం మాత్రం వరుస సంఖ్యను నమ్మనివాళ్లంటేనే. పేరునూ నమ్మలేం: 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. అందుకే తెలిసినవాళ్లు ప్రతి జిల్లాకూ మారని కోడు పెట్టి, గడి సంఖ్యను తెరమీద చూపడానికే వాడతారు.

అయినా 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయినప్పుడు అందులోకి వెళ్లిన ఏటూరునాగారం మండలం రికార్డులను ఏ ఫంక్షనూ తనంతట మార్చలేదు. మండలం పేరు చూసి ఎవరో ఒకరు మార్చాల్సిందే.